హాస్టల్లో స్నేహితులు ఎలా అవుతారు? పర్లాకిమిడి చెల్లికి నా సమాధానం

చెల్లీ, నీ ప్రశ్న శ్రద్ధగా చదివాను. పర్లాకిమిడి నుంచి డిసెంబరులో 12 రోజులకి వియత్నాం ఒక్కదానివే వెళ్తున్నావు. కోల్‌కతా నుంచి హనోయికి విమానం, అక్కడ యాత్రికులు దిగే హాస్టల్లో ఆడవాళ్ల డార్మ్‌లో, అంటే నలుగురూ పంచుకునే గదిలో, మంచం బుక్ చేసుకున్నావు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లిష్ అంతంతమాత్రం అంటున్నావు. మందు ముట్టవు, మార్గశిర లక్ష్మివారాలు నీసు తినవు. "కొత్తవాళ్ల దగ్గరికి నా అంతట నేను వెళ్లి మాట కలపలేను. అన్ని రోజులూ ఫోను చూసుకుంటూ గడిపేస్తానేమో అని టెన్షన్‌గా ఉంది. హాస్టల్లో అందరూ స్నేహితులైపోతారంటారు కదా, అసలు ఎలా అవుతారు?" అని అడిగావు. అమ్మ ఒప్పుకుంది కానీ రోజూ భయపడుతోందని కూడా రాశావు.

నాది బరంపురం. సెలవు దొరికినప్పుడల్లా వీపున సంచి తగిలించుకుని ఇలా హాస్టళ్లలో దిగుతూ తిరగడం చాలా ఏళ్లుగా నా అలవాటు. నేనూ గట్టిగా మాట్లాడే మనిషిని కాదు. కాబట్టి నీ ఇబ్బంది నాకు బాగానే తెలుసు. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

హాస్టల్లో స్నేహం కుదరడానికి మాటకారితనం అక్కర్లేదు. ఒకే చోట నాలుగు రాత్రులు ఉండాలి, ఏదో ఒక పని నలుగురితో కలిసి చేయాలి. ఈ రెండూ నీ చేతిలో ఉన్నవే. కానీ నీ ప్లాను చూస్తే మొదటిదానికే చోటు లేదు. హనోయి రెండు రాత్రులు, హాలాంగ్ ఒకటి, సాపా రెండు, హుయే ఒకటి, హోయి ఆన్ రెండు, హో చి మిన్ సిటీ రెండు, మధ్యలో ఒక రాత్రి రైల్లో. మన వాళ్లందరూ ఇలాగే వేస్తారు. ఇంత ఖర్చు పెట్టి వెళ్తున్నాం, అన్నీ చూసేయాలి అన్న ఆత్రం. ఊళ్లు చూడటానికైతే ఇలా తిరగొచ్చు. మనుషులు దొరకాలంటే మాత్రం ఈ ప్లాను పనికిరాదు.

హాస్టల్లో మొదటి రోజు ఎవరికీ ఎవరూ గుర్తుండరు. లాకరు తాళం ఎక్కడ, వైఫై పాస్‌వర్డ్ ఏంటి, అంతే. రెండో రోజు పొద్దున టిఫిను దగ్గర అదే మొహం కనబడితే చిన్న నవ్వు వస్తుంది. ఆ సాయంత్రానికి పేర్లు తెలుస్తాయి. మూడో రోజుకి నువ్వే పాతకాపువి. అప్పుడే దిగిన అమ్మాయి మ్యాపు పట్టుకుని దిక్కులు చూస్తుంటే "ఈ సందు చివర ఫో బాగుంటుంది, ఆ పక్కది మాత్రం వద్దు" అని నువ్వే చెబుతావు (ఫో అంటే అక్కడి నూడిల్స్ సూపు). మాట కలపడానికి భయపడే మనిషికి ఇంతకన్నా సుఖమైన దారి లేదు. నువ్వు ఎవరినీ పలకరించక్కర్లేదు, వాళ్లే నిన్ను అడుగుతారు. రెండు రాత్రులకే మూట సర్దేసేవాళ్లకి ఈ మూడో రోజు ఎప్పటికీ రాదు.

కాబట్టి దక్షిణం వైపు వదిలెయ్. రానూ పోనూ హనోయి నుంచే కాబట్టి ఉత్తరాన్నే తిరుగు. హనోయిలో నాలుగు రాత్రులు, హా జాంగ్ వైపు నాలుగు, నిన్ బిన్‌లో మూడు. నిన్ బిన్ హనోయికి దాదాపు 100 కిలోమీటర్లే, బస్సులో రెండు గంటల చిల్లర. హా జాంగ్ దాదాపు 300 కిలోమీటర్లు, ఆరేడు గంటలు పడుతుంది.

హా జాంగ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, నీలాంటి వాళ్లకి అది సరిపోయినంతగా మరేదీ సరిపోదు. చైనా సరిహద్దు కొండల్లో మూడు నాలుగు రోజుల మోటారుసైకిల్ బండి ప్రయాణం అది, హాస్టళ్లే గుంపులు కట్టి పంపుతాయి. బండి నువ్వు నడపకు. మన దేశం ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి ఒప్పందం కిందది, వియత్నాం గుర్తించేది 1968 నాటి ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్లని. పోలీసులు ఆపితే జరిమానా. దెబ్బ తగిలితే, సరైన లైసెన్సు లేదని ఇన్సూరెన్సు వాళ్లు డబ్బు ఇవ్వకపోవచ్చు. అక్కడి కుర్రాళ్లు నడుపుతారు, వెనక కూర్చోవచ్చు. ఈజీ రైడర్ అంటారు. పగలంతా బండి మీద ఉంటావు కాబట్టి మాట్లాడాల్సిన పనే ఉండదు. లోయ కనబడిన చోట ఆగుతారు, ఒకరి ఫొటో ఒకరు తీస్తారు, చలికి చేతులు రుద్దుకుంటూ టీ తాగుతారు. రాత్రి ఏదో పల్లెటూరి ఇంట్లో పొడుగు బల్ల చుట్టూ అందరికీ ఒకే చోట భోజనం. రెండో రాత్రికి ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారో అలవాటైపోతుంది. భోజనాల దగ్గర మొక్కజొన్న సారా చిన్న కప్పుల్లో పోస్తారు. నువ్వు నీళ్ల కప్పు ఎత్తు, ఎవరూ ఏమీ అనరు. డిసెంబరులో అక్కడ మంచూ చలీ గట్టిగా ఉంటాయి. మన మహేంద్రగిరి చలికి వేసుకునే స్వెట్టరు చాలదు, గాలి ఆపే జాకెట్టు కూడా పట్టుకెళ్లు.

ఇక హాస్టల్ ఎంచుకోవడం. రేటింగు ఒక్కటే చూడకు. రివ్యూల్లో "ఒంటరిగా వచ్చాను, మొదటి రోజే మనుషులు దొరికారు" లాంటి మాటలు ఉన్నాయా చూడు. వియత్నాంలో చాలా హాస్టళ్లు సాయంత్రం అందరికీ కలిపి భోజనం పెడతాయి, ఫ్యామిలీ డిన్నర్ అంటారు. అది ఉన్నదే తీసుకో. ఫొటోల్లో ఇంకో విషయం చూడు: గదికి వెళ్లాలంటే అందరూ కూర్చునే హాలు మీదుగానే వెళ్లాలా, లేక లిఫ్టులో నేరుగా పైకి పోవచ్చా? హాలు దారిలో ఉంటే ఎంత మొహమాటస్తురాలికైనా రోజుకి నాలుగు మొహాలు ఎదురవుతాయి. రూఫ్‌టాప్ బారు, రోజూ రాత్రి తాగుడు ఆటలు అని గొప్పగా రాసుకున్న హాస్టళ్ల జోలికి పోకు. అక్కడ రాత్రి రెండింటికి ఏర్పడిన స్నేహం పొద్దున్న టిఫినుకి ఉండదు. ఆడవాళ్ల డార్మ్ తీసుకోవడం మంచి పని, మొదటిసారికి అదే సరి. హాస్టల్‌వరల్డ్ యాప్‌లో బుక్ చేస్తే ఆ రోజుల్లో అదే ఊళ్లో ఉండబోయేవాళ్ల చాట్ కనబడుతుంది. "13వ తారీకు సాయంత్రం వాకింగ్ టూరుకి వెళ్తున్నా, ఎవరైనా వస్తారా" అని ఇంట్లో కూర్చునే రాసి పెట్టుకోవచ్చు.

పిలుపు ఎలా ఉండాలో కూడా దీనితోనే చెప్పేస్తాను. "ఎప్పుడైనా కలిసి భోంచేద్దాం" అంటే అందరూ "ఓ, తప్పకుండా" అంటారు, ఎవరూ రారు. "ఏడింటికి ఆ మూల కొట్లో ఫో తినడానికి వెళ్తున్నా, వస్తావా?" అను. టైము ఉండాలి, చోటు ఉండాలి, వాళ్లు రాకపోయినా నువ్వు వెళ్తున్నావని తెలియాలి. అప్పుడు వాళ్లకి ఒప్పుకోవడమూ తేలికే, కాదనడమూ తేలికే. కాదంటే నీకు పోయేదేమీ లేదు, ఏడింటికి వెళ్లి తినేసి రా. ఇంగ్లిష్‌లో నేర్చుకోవాల్సిన వాక్యం ఇదొక్కటే అనుకో. సాయంత్రం అయిదు నుంచి ఏడు లోపు కింద హాల్లో, పెద్ద బల్ల దగ్గర కూర్చో. మూల సోఫా వద్దు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే ఎవరూ పలకరించరు, తీసేయ్.

ఇంగ్లిష్ గురించి నువ్వు పడుతున్న దిగులులో సగం అనవసరం. ఆ బల్ల చుట్టూ కూర్చునేది కొరియా అమ్మాయి, బ్రెజిల్ అబ్బాయి, జర్మనీ వాళ్లు, ఫ్రాన్స్ వాళ్లు. వాళ్లలో ఎక్కువ మందికి ఇంగ్లిష్ నేర్చుకున్న భాషే. నీలాగే వెతుక్కుంటూ మాట్లాడతారు. కష్టమయ్యేది ఆస్ట్రేలియా, స్కాట్లాండ్ వాళ్ల యాస. అర్థం కాకపోతే నవ్వి ఊరుకోకు, మళ్లీ చెప్పమని అడుగు. పైగా మనం సరిహద్దు మనుషులం. పాతపట్నం సంతలో తెలుగు, పర్లాకిమిడి బజారులో ఒడియా, కొండ మీంచి పనస పళ్లు తెచ్చే సవర అవ్వతో సైగలూ అరకొర మాటలూ. మాట పూర్తిగా రాని చోట పని నడిపించుకోవడం నీకు పుట్టినప్పటి నుంచీ అలవాటే. ఒకే భాషలో పుట్టి పెరిగిన నగరం పిల్లలకి లేని ధైర్యం ఇది. నేను గట్టిగా నమ్మే మాట చెబుతున్నాను, ఓదార్పుకి కాదు.

"ఎక్కడి నుంచి వచ్చావు?" అని రోజుకి పదిసార్లు అడుగుతారు. "ఇండియా" అని ఊరుకుంటే మాట అక్కడే ఆగిపోతుంది. ఫోన్లో నాలుగు ఫొటోలు సిద్ధంగా పెట్టుకో. రుషికుల్య ముఖద్వారం దగ్గర ఇసుక మీద వేలకొద్దీ ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే వీడియో ఒకటి చాలు, బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ వంగి చూస్తారు. మీ గజపతి జిల్లాలోనే జిరంగ్ ఉంది కదా. 1960లలో టిబెట్ నుంచి వచ్చిన కుటుంబాలు స్థిరపడిన చోటు, 2010లో దలైలామా ప్రారంభించిన పెద్ద బౌద్ధ మఠం. ఆసియా తిరిగే బ్యాక్‌ప్యాకర్లలో చాలా మందికి టిబెట్ అంటే ఆసక్తి. బంగాళాఖాతానికి దగ్గరి జిల్లాలో టిబెటన్ ఊరు ఉందంటే నమ్మరు, ఫొటో చూపించు. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు, ఎదుటి మనిషికి అడగడానికి ఇంకో ప్రశ్న ఇవ్వడం. నువ్వు చెప్పాక వాళ్ల ఊరి గురించి అడగాలి, అది మర్చిపోకు.

కలిసి పని చేయడం అన్నాను కదా, దాని గురించి ఒకటి చెబుతాను. జార్జియా రాజధాని టిబిలిసిలో ఒక చిన్న హాస్టల్లో ఉన్నప్పుడు రోజంతా వాన. వంటగదిలో చారు పెట్టుకుందామని గిన్నె పొయ్యి మీద పెట్టాను. ఇంటి నుంచి తెచ్చిన చారుపొడి ఉంది, ఆవాలూ ఎండుమిర్చీ ఉన్నాయి, చింతపండు లేదు. పక్కన ఒక కొరియా అమ్మాయి నూడిల్స్‌కి నీళ్లు మరగబెట్టుకుంటోంది. "కొత్తిమీర కాస్త తుంచి పెడతావా" అని కట్ట ఆమె చేతికిచ్చాను. జార్జియాలో కొత్తిమీర మన దగ్గరలాగే కట్టలు కట్టలుగా దొరుకుతుంది. కాడలతో సహా తుంచాలా, ఆకులే తీయాలా అని ఆమె అడిగింది. పులుపు లేదని మేం మాట్లాడుకోవడం విని హాస్టల్ నడిపే పెద్దావిడ ఫ్రిజ్‌లోంచి ఒక సీసా తీసింది. పుల్లటి ప్లమ్ పళ్లతో వాళ్లు చేసుకునే పచ్చడి, టికెమాలీ అంటారు. రెండు గరిటెలు వేశాను. పోపులో ఆవాలు చిటపటమనగానే ఇద్దరూ ఒక అడుగు వెనక్కి వేశారు. ఆవిడ వెళ్లి కిటికీ తెరిచింది. ఆ చారు మన చారు రుచికి రాలేదు కానీ బాగుంది, గ్లాసుల్లో పోసుకుని తాగాం. వాసనకి పైనుంచి ఇంకో ఇద్దరు దిగివచ్చారు. అక్కడున్నన్ని రోజులూ రాత్రి భోజనం మేమంతా కలిసే చేశాం.

ఇందులో నువ్వు గమనించాల్సింది ఆ కొత్తిమీర కట్ట. మనకి మర్యాద అంటే వండి పెట్టడం. అంతా మనమే చేసి "తినండి తినండి" అంటాం. కొత్తవాళ్లకి అది మొహమాటంగా ఉంటుంది. చిన్న పని చేతికిస్తే మాత్రం వాళ్లు కూడా ఆ వంటలో మనుషులైపోతారు. సాయం చేస్తానని వెళ్లడం కంటే సాయం అడగడం వల్లనే త్వరగా దగ్గరవుతారని నా అనుభవం. హనోయి హాస్టళ్లలో వంటగది ఉండకపోవచ్చు. అయితే ఏం, సంచి చూడమని అడుగు, ఫొటో తీయమని అడుగు, బస్సు టికెట్టు ఎక్కడ కొన్నావని అడుగు.

డార్మ్‌లో నడవడిక గురించి సూటిగా చెబుతాను, ఏమీ అనుకోకు. మన వాళ్ల మీద హాస్టళ్లలో వచ్చే ఫిర్యాదుల్లో మొదటిది ఫోను. మంచం మీద పడుకుని స్పీకరు పెట్టి ఇంటికి వీడియో కాల్ చేస్తారు. అమ్మతో మాట్లాడాలంటే హాల్లోకి వెళ్లు. తెల్లవారుజామున బస్సు ఉంటే రాత్రే సర్దుకో, అయిదింటికి ప్లాస్టిక్ కవర్ల చప్పుడుకి గదంతా లేస్తుంది. తలకి నూనె రాసుకుని పడుకునే అలవాటుంటే దిండు మీద నీ తువ్వాలు పరుచుకో. నీ మంచం పక్క అమ్మాయి రాత్రి హాయిగా నిద్రపోతే పొద్దున్న ఆమే పలకరిస్తుంది. అన్నీ బాగానే చేసినా ఎవరో ఒకరు భారతీయులనగానే మొహం తిప్పుకోవచ్చు. అలాంటి వాళ్లు తగులుతారు. వాళ్లని మార్చే బాధ్యత నీది కాదు, పక్క బల్లకి వెళ్లు.

తెలుగు వాళ్లు కనబడితే సంతోషంగా కలువు. కానీ నలుగురు తెలుగువాళ్లు ఒక బల్ల దగ్గర చేరి తెలుగులోనే మాట్లాడుకుంటుంటే అయిదో మనిషి లేచి వెళ్లిపోతుంది. ఆ అయిదో మనిషి కోసం మాట మార్చండి.

మందు విషయం. "నేను తాగను" అని ఒక్కసారి చెప్పు, కారణం చెప్పకు. కారణం చెబితే వాదన మొదలవుతుంది. హనోయి పాత బస్తీలో చర్చి చుట్టూ చిన్న చిన్న ప్లాస్టిక్ స్టూళ్ల మీద కుర్రకారు కూర్చుని నిమ్మ టీ తాగుతూ పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతుంటారు. బీరు కొట్టుకి రమ్మంటే "ముందు అక్కడికి వెళ్దాం" అని నువ్వే తీసుకెళ్లు, చాలా మంది సంతోషంగా వస్తారు. ఉచితంగా పోసే మందు మాత్రం ఎవరు ఎంత బలవంతపెట్టినా వద్దు. 2024 నవంబరులో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో మెథనాల్ అనే విషం కలిసిన మద్యం తాగి ఆరుగురు విదేశీ యాత్రికులు చనిపోయారు, వాళ్లలో చాలా మంది నీ వయసు వాళ్లే.

లక్ష్మివారం తిండికి భయం లేదు. "చాయ్" అని రాసిన కొట్లు శాకాహారం కొట్లు, ఇంగ్లిష్ అక్షరాల్లో సి హెచ్ ఎ వై. అక్కడి బౌద్ధులు చాలా మంది పౌర్ణమికీ చాంద్రమాన నెల మొదటి రోజుకీ నీసు మానేస్తారు, కాబట్టి నువ్వు చెబితే వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. చేపల సాస్ వేయొద్దని విడిగా చెప్పాలి.

స్నేహం హాస్టల్లోనే దొరకాలని కూడా లేదు. శని, ఆదివారాల్లో హనోయిలోని హోవాన్ కియెమ్ సరస్సు చుట్టూ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు. ఊరంతా అక్కడే నడుస్తుంది. కాలేజీ పిల్లలు ఇంగ్లిష్ సాధన కోసం విదేశీయుల దగ్గరికి వచ్చి "అయిదు నిమిషాలు మాట్లాడొచ్చా" అని అడుగుతారు. భయపడి తప్పించుకోకు, వాళ్లకీ నీకున్న బెరుకే ఉంటుంది. వలయంగా నిలబడి ఈకల బంతిని కాలితో ఎగరేసే ఆట ఆడుతుంటారు. పక్కన నిలబడితే రమ్మంటారు. బంతి కింద పడినా ఎవరూ పట్టించుకోరు.

డబ్బు దగ్గర మన పద్ధతి వేరు, వాళ్లది వేరు. ఎవరి వాటా వాళ్లు అక్కడికక్కడే ఇచ్చేస్తారు. అందరికీ నువ్వే కట్టేయకు, ఎవరో కడతారని చూడకు. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకో. 5,00,000 డాంగ్‌ల నోటూ 20,000 నోటూ రెండూ నీలంగానే ఉంటాయి, మసక వెలుతురులో ఇచ్చేముందు సున్నాలు చూసుకో. ఎంత మంచి స్నేహితులైనా వాళ్ల పార్సిలు, వాళ్ల బ్యాగు నువ్వు ఎయిర్‌పోర్టులోకి మోయకు. పాస్‌పోర్టు లాకర్లో పెట్టి నీ సొంత తాళం వేసుకో. ఎవరితోనైనా మనసుకి బాగోలేదనిపిస్తే కారణం వెతక్కుండా లేచి రిసెప్షన్ దగ్గరికి వచ్చేయ్.

వీలైతే వెళ్లేముందు ఒక శని, ఆదివారం పూరీ వెళ్లు. చక్రతీర్థ రోడ్డు వైపు బ్యాక్‌ప్యాకర్లు దిగే చోట్లు ఉన్నాయి. డార్మ్ మంచం మీద ఒక్క రాత్రి పడుకుని చూస్తే హనోయిలో మొదటి రాత్రి సగం బెరుకు ఉండదు.

ఇంకొకటి. ఒకటి రెండు సాయంత్రాలు ఎవరూ దొరకరు. ఎంత తిరిగినవాళ్లకైనా ఇది తప్పదు. ఆ సాయంత్రం బాగా తిని, సరస్సు చుట్టూ నడిచి, త్వరగా పడుకో. దొరికినవాళ్లలో కూడా ఎక్కువ మంది మూడు రోజుల స్నేహితులే, బస్సు ఎక్కాక మళ్లీ కనబడరు. ఆ మూడు రోజులు నిజమైనవే, తక్కువ చేయకు. ఎవరితోనైనా సాగాలనిపిస్తే, తీసిన ఫొటోలు ఆ రాత్రే పంపు, "తర్వాత పంపుతా" అనుకుంటే జరగదు. వాళ్లు ఎక్కువగా వాడేది ఇన్‌స్టా, వాట్సాప్ నంబరు అడిగితే కొందరు వెనకాడతారు.

అమ్మ సంగతి. హాస్టల్ అంటే ఆమెకి కాలేజీ హాస్టలే గుర్తొస్తుంది, అందుకే పరాయి మగవాళ్లూ ఆడవాళ్లూ ఒకే చోట అనగానే గాబరా. అసలు ఇవి బడిపిల్లల కోసం పుట్టాయని చెప్పు. జర్మనీలో రిచర్డ్ షిర్మాన్ అనే బడిపంతులు పిల్లలని కొండలు చూపించడానికి నడిపించుకుంటూ తీసుకెళ్లేవాడు. రాత్రి తలదాచుకోవడానికి చోటు దొరక్క పడిన కష్టంతో 1912లో ఆల్టెనా కోటలో మొదటి యూత్ హాస్టల్ తెరిచాడు. బుక్ చేసిన హాస్టల్ ఫొటోలు, ఆడవాళ్ల డార్మ్ తలుపు, లాకరు, రిసెప్షన్ నంబరు అమ్మకి చూపించు, కాగితం మీద రాసి ఇవ్వు. రోజుకి ఎన్నిసార్లు ఫోను చేస్తావో కాకుండా, ఏ టైముకి మెసేజ్ పెడతావో మాటివ్వు. అక్కడి టైము మనకంటే గంటన్నర ముందు. అక్కడ రాత్రి తొమ్మిదింటికి నువ్వు మెసేజ్ పెడితే ఇక్కడ ఏడున్నర, అమ్మ వంట ముగించి కూర్చునే వేళ. హా జాంగ్ కొండల్లో సిగ్నల్ కొన్ని చోట్ల ఉండదని ముందే చెప్పేయ్, లేకపోతే ఆ రాత్రి ఆమెకి నిద్ర ఉండదు.